లెఫ్కాడాలో అద్దె యాట్: చుక్కాని మనమే పట్టాలా, స్కిప్పర్‌ను పెట్టుకోవాలా?

గ్రీసు పశ్చిమ తీరంలోని లెఫ్కాడా దీవి నుంచి 40 అడుగుల తెరచాప యాట్‌ను వారం చొప్పున అద్దెకు తీసుకుని ఒక వేసవిలో మేమే నడుపుకున్నాం. మరో వేసవిలో అదే మెరీనా నుంచి, ఇంచుమించు అంతే ఉన్న పడవను స్కిప్పర్‌తో, అంటే పడవ నడిపే బాధ్యత తీసుకునే మనిషితో సహా తీసుకున్నాం. స్కిప్పర్ లేకుండా ఒట్టి పడవను మాత్రమే ఇచ్చే పద్ధతిని అక్కడ బేర్‌బోట్ అంటారు. రెండు పద్ధతుల్లోనూ మంచిచెడ్డలు స్వయంగా చూశాను గనుక ఎవరికి ఏది తగినదో రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పడవలో శిక్షణ పొందినవాళ్ళు ఇద్దరు ఉంటే, లెఫ్కాడా చుట్టుపక్కల ఉన్న అయోనియన్ దీవుల మధ్య బేర్‌బోట్ తీసుకోవడానికి వెనుకాడనక్కరలేదు, శిక్షణ ఉన్నది ఒక్కరికే అయి, తక్కినవాళ్ళు పిల్లలూ పెద్దవాళ్ళూ అయితే, ఆ ఒక్కరి దగ్గర ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా స్కిప్పర్‌ను పెట్టుకోవడమే మంచిది.

ముందు కాగితాల సంగతి. గ్రీసులో బేర్‌బోట్ తీసుకోవాలంటే పడవకు బాధ్యత వహించే వ్యక్తి దగ్గర అక్కడి రేవు అధికారులు గుర్తించే సర్టిఫికెట్ ఉండి తీరాలి. బ్రిటన్‌లో నేర్చుకున్నవారికి రాయల్ యాటింగ్ అసోసియేషన్ వారి డే స్కిప్పర్ ప్రాక్టికల్ కోర్సు, దాని ఆధారంగా వచ్చే ఐసీసీ అనే అంతర్జాతీయ అర్హత కార్డు సరిపోతాయి. అమెరికాలోని మనవాళ్ళు ఎక్కువగా అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్ వారి 101, 103, 104 కోర్సులు పూర్తిచేసి, ఆపైన ఐపీసీ అనే అంతర్జాతీయ పత్రాన్ని కూడా తీసుకుంటారు. వీటితోపాటు పడవలో ఉండబోయే రెండో వ్యక్తి ఒకరు తమకు పడవ మీద పనిచేసిన అనుభవం ఉందని సంతకం చేసి ఇవ్వాలి. ఈ రెండో సంతకాన్ని చాలామంది ఒట్టి లాంఛనంగా తీసుకుని, పడవ తాడు ఎప్పుడూ పట్టని బావమరిది చేతనో, స్నేహితుడి చేతనో పెట్టించేస్తారు. నన్నడిగితే బేర్‌బోటా, స్కిప్పరా అన్న ప్రశ్నకు జవాబంతా ఆ సంతకంలోనే ఉంది. మొదటి వ్యక్తి చుక్కాని దగ్గర నిలబడ్డాక మిగిలిన పనులన్నీ చేయవలసినది ఆ రెండో వ్యక్తే.

మా విషయంలో నాకు డే స్కిప్పర్ ఉంది, నా భార్య పడవలో సహాయకులకు నేర్పే కాంపిటెంట్ క్రూ కోర్సు చేసింది. ఇద్దరం నేర్చుకున్నది ఇంగ్లండు దక్షిణ తీరంలోని సోలెంట్‌లో. అక్కడ నేర్చుకున్నవారికి పోటుపాట్ల లెక్కలు కంఠతా వస్తాయి. చెక్క వంతెనలాంటి పాంటూన్ పక్కకు పడవను చేర్చి కట్టడం అలవాటవుతుంది. గ్రీసుకు వచ్చాక ఆ లెక్కలతో పని దాదాపు ఉండదు, ఎందుకంటే మధ్యధరా సముద్రంలో పోటుపాట్లు చాలా తక్కువ. దాని బదులు సోలెంట్‌లో అసలు అవసరమే పడని మరో పని ప్రతి సాయంత్రమూ ఎదురవుతుంది: ఒడ్డుకు దూరంగా లంగరు దించి, గొలుసు వదులుతూ, పడవను వెనక్కు నడిపించుకుంటూ వచ్చి, అప్పటికే కట్టి ఉన్న రెండు పడవల మధ్య ఖాళీలోకి దూర్చి, వెనుక భాగాన్ని గట్టుకు కట్టాలి. సర్టిఫికెట్ నిజమైనదే అయినా అది ఈ పనిలో ఇచ్చినది కాదన్న సంగతి బుకింగ్ సమయంలో ఎవరూ చెప్పరు. హుస్సేన్ సాగర్ మీద సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్బులోనో, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లోనో చిన్న పడవలు నడిపినవారికి గాలి పోకడ బాగా తెలిసి ఉంటుంది, తెరచాప విషయంలో వాళ్ళు మనకంటే నాలుగు ఆకులు ఎక్కువే చదివి ఉంటారు. కాని ఇంజనూ, లంగరూ, పది టన్నులకు దగ్గరగా బరువూ ఉన్న పడవను ఇరుకు రేవులో వెనక్కు నడపడం వేరే విద్య.

(సముద్రం మనవాళ్ళకు పట్టే వ్యవహారం కాదనేవారు ఇంకా ఉన్నారు. నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప పడవలో బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే నెలలో తిరిగి వచ్చారు. వారిలో పి. స్వాతిది విశాఖపట్నం, బి. ఐశ్వర్యది హైదరాబాదు. అలా అనేవారికి ఈ రెండు పేర్లూ చాలు.)

లెఫ్కాడానే ఎంచుకోవడానికి కారణం గాలి. అయోనియన్‌లో వేసవి నెలల్లో ఉదయం పూట సముద్రం పలకలా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి మాయిస్త్రో అనే గాలి లేచి, గాలి బలాన్ని చెప్పే బోఫర్ట్ కొలమానంలో సాధారణంగా 3 నుంచి 5 దాకా వీచి, పొద్దుగూకేసరికి తగ్గిపోతుంది. దీవులు దగ్గరదగ్గరగా ఉంటాయి గనుక మెగనీసి, ఇథాకా, కెఫలోనియా ఉత్తర కొస, కాలమోస్, కాస్తోస్‌లలో ఏ రెండు రేవుల మధ్య చూసినా సాధారణంగా రెండు మూడు గంటల ప్రయాణం. దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ఒడ్డు కనబడుతూనే ఉంటుంది. మెరీనా నుంచి దక్షిణంగా వెళ్ళే కాలువలో ఎర్ర, ఆకుపచ్చ గుర్తుల మధ్యనే నడిపితే ఇబ్బంది లేదు. ఆ గుర్తులు దాటితే నేల తగులుతుంది. మొదటిసారి బేర్‌బోట్ తీసుకునేవారికి గ్రీసులో ఇంతకంటే సౌమ్యమైన చోటు ఉందని నేననుకోను.

అదే ధైర్యంతో ఎవరైనా జులై, ఆగస్టు నెలల్లో తూర్పున ఏజియన్ సముద్రంలో ఉన్న సిక్లాడిస్ దీవులకు బేర్‌బోట్ తీసుకుంటామంటే మాత్రం వద్దనే చెబుతాను. అక్కడ ఉత్తరం నుంచి వీచే మెల్టెమి అనే గాలి రోజుల తరబడి ఆగకుండా 5, 6 బలంతో వీస్తుంది, 7కు, ఒక్కోసారి 8కి కూడా చేరుతుంది. 7 అంటే గంటకు 50 కిలోమీటర్లు దాటిన గాలి. అయోనియన్ గాలిలాగా రాత్రికి సద్దుమణుగుతుందన్న భరోసా లేదు. బయలుదేరిన దీవికి శుక్రవారం సాయంత్రానికి తిరిగి చేరవలసినప్పుడు ఆ గాలికి ఎదురు వెళ్ళవలసి వస్తే కుటుంబంతో సెలవు గడపడమన్న మాటే ఉండదు. సిక్లాడిస్‌కు స్కిప్పర్ తప్పనిసరి అని నా ఉద్దేశం, అదీ ఆ దీవుల మధ్యే ఏళ్ళుగా తిరిగిన స్కిప్పర్.

ఇక బేర్‌బోట్ వారం. గ్రీసులో అద్దె వారమంటే శనివారం సాయంత్రం నుంచి శనివారం ఉదయం దాకా. పడవను అప్పగించడానికి అద్దె సంస్థ మనిషి వచ్చినప్పుడు గంటకు పైగా మాతో ఉండి, ఇంజను, గ్యాసు కవాటం, టాయిలెట్ పంపు, లైఫ్ జాకెట్లు, వీహెచ్ఎఫ్ రేడియో, ఒడ్డుకు వెళ్ళిరావడానికి వాడే చిన్న రబ్బరు డింగీ, దాని మోటారు ఒక్కొక్కటే చూపించాడు. మేము అడిగినవాటికి ఓపికగా జవాబు చెప్పాడు. అడగనివాటి జోలికి పోలేదు. లంగరు గొలుసు ఎన్ని మీటర్లుందో, ఎంతెంత దూరానికి రంగు గుర్తులున్నాయో, లంగరు ఎత్తే విద్యుత్ మోటారు తాలూకు బ్రేకర్ ఎక్కడుందో అడిగి తెలుసుకున్నాం. ఆ బ్రేకర్ వెనుక గదిలో పరుపు పక్కన, చెక్క పలక వెనకాల ఉంది. మూడో రోజో నాలుగో రోజో సాయంత్రం ఇథాకాలోని కియోని రేవులో గొలుసు సగం దిగాక మోటారు చప్పున ఆగిపోయింది. పలక వెనకాలకు చెయ్యి పోనిచ్చి బ్రేకర్‌ను పైకి నొక్కడానికి నా భార్యకు అర నిమిషం పట్టింది. అది ఎక్కడుందో తెలియకపోతే ఆ ఇరుకు అఖాతంలో, లంగరు సగంలో వేలాడుతుండగా, అద్దె సంస్థకు ఫోను చేసి నిలబడవలసి వచ్చేది. మర్నాడు సంస్థకు ఫోను చేసి చెబితే, ఆ మోటారు అలా ఆగుతూ ఉంటుందని తమకు ముందే తెలుసన్నట్టు మాట్లాడారు. తెలిసినప్పుడు అప్పగించేటప్పుడే చెప్పి ఉండవలసింది. ఈ ఒక్క విషయంలో ఆ సంస్థకు తక్కువ మార్కులు వేస్తాను. పడవ శుభ్రత, తెరచాపల స్థితి విషయంలో ఫిర్యాదు లేదు.

రేవులో పడవ కట్టే ఘట్టం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్కిప్పర్‌కు మనమిచ్చే డబ్బులో సగం ఆ పావుగంటకే. సాయంత్రం నాలుగు, అయిదు మధ్య మాయిస్త్రో ఇంకా వీస్తూనే ఉంటుంది. అదే సమయానికి పడవలన్నీ రేవులకు చేరతాయి. గట్టుకు మూడు నాలుగు పడవల పొడవు దూరంలో లంగరు దించాలి. అప్పటికే కట్టిన పడవల గొలుసులు నీళ్ళ అడుగున ఏ కోణంలో పోతున్నాయో ఊహించి, వాటి మీద మన గొలుసు పడకుండా చూసుకోవాలి. వెనక్కు నడిపేటప్పుడు పడవకు కొంత వేగం వచ్చేదాకా చుక్కాని పట్టు ఇవ్వదు. భయపడి మెల్లగా నడిపితే పక్కగాలి ముందు భాగాన్ని తోసుకుపోతుంది, పడవ అడ్డం తిరుగుతుంది. కనుక ధైర్యంగా నడపాలి, సమయానికి ఆపాలి. ఆ లోగా ముందు భాగంలో ఉన్న మనిషి గొలుసు వదులుతూ ఎన్ని మీటర్లు పోయిందో అరిచి చెప్పాలి. వెనుక భాగంలో మరొకరు గాలి వచ్చే వైపు తాడును ముందుగా గట్టు మీదికి విసరాలి. పక్క పడవలకు తగలకుండా, పడవ పక్కలకు వేలాడదీసిన గాలి దిండ్లలాంటి ఫెండర్లను సరిచేయాలి. ఇవన్నీ ఒకేసారి జరగాలి. మేము ఇద్దరమే అయినా వెనుక తాడు గట్టు మీదున్న ఎవరో ఒకరు అందుకునేవారు. అది ఆ దీవుల్లో మర్యాద. ముందు భాగంలో మాత్రం తెలిసిన మనిషి ఉండి తీరాలి. “ఏవండీ, ఇరవై అయింది, ఇంకా వదలనా?” అన్న కేక వినబడకపోతే చుక్కాని దగ్గరున్నవాడికి తాను ఎక్కడున్నాడో తెలియదు.

అలా కట్టుకున్నాక ఆ సాయంత్రాలు చాలా బాగుండేవి, అందులో సందేహం లేదు. ఎక్కడికి వెళ్ళాలో, ఎప్పుడు తెరచాప దించాలో, ఏ అఖాతంలో ఈతకు ఆగాలో ఎవరినీ అడగనక్కరలేదు. గాలి బాగుందని కాస్తోస్ దాటి ఇంకా ముందుకు పోయిన మధ్యాహ్నం నాకు ఈ రెండు సెలవుల్లోనూ అన్నిటికంటే ఇష్టమైనది. కాని రాత్రి మూడింటికి గాలి దిక్కు మారి గొలుసు కిర్రుమన్నప్పుడు లేచి పైకి వెళ్ళి, టార్చి వేసి, పడవ వెనక్కు జారుతోందా లేదా అని ఒడ్డున ఉన్న రెండు దీపాలను గురిగా పెట్టుకుని చూడవలసినది కూడా మనమే. ఈ రాత్రి కాపలా గురించి బ్రోచర్లలో ఉండదు. మాకు అది భారమనిపించలేదు, ఎందుకంటే ఇద్దరమే ఉన్నాం, మరునాడు ఆలస్యంగా లేచినా అడిగేవారు లేరు.

రెండోసారి మామయ్యగారు, అత్తయ్యగారు, మా పిల్లలిద్దరూ మాతో వచ్చారు. ఈసారి నా భార్య ముందు భాగంలో గొలుసు దగ్గర నిలబడితే చిన్నవాడిని పట్టుకునేవారు ఉండరు. అత్తయ్యగారికి పడవ ఒరిగితే కంగారు. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. నా సర్టిఫికెట్ గడువు తీరలేదు, రెండో సంతకానికి మనిషి కూడా ఉన్నట్టే, కాని ఉన్నట్టే తప్ప లేరు. అందుకే స్కిప్పర్‌ను పెట్టుకున్నాం.

వచ్చిన మనిషి అక్కడివాడే, నలభై దాటినవాడు. సామాను కింద పెట్టగానే ముందుగా చేసిన పని పిల్లలకు లైఫ్ జాకెట్లు తొడిగి, తొడల మధ్య పట్టీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడడం. ఒకటి వదులుగా ఉందని అద్దె సంస్థకు వెళ్ళి చిన్నది మార్పించి తెచ్చాడు. పడవ నడుస్తున్నంతసేపూ పిల్లలు పైకి వస్తే ఇవి తొడుక్కునే రావాలని వాళ్ళకే చెప్పాడు, మాకు కాదు. వాళ్ళు మా మాటకంటే ఆయన మాటే బాగా విన్నారు. మెగనీసిలోని వాథీ రేవుకు చేరినప్పుడు వెంటనే కట్టడానికి పోకుండా, గట్టు పొడవునా ఒకసారి మెల్లగా నడిపి, ఒక్కొక్క పడవ గొలుసు నీళ్ళలోకి దిగిన తీరు చూసుకుని, వెనక్కు తిప్పి, చాలా దూరం నుంచే వెనక్కు నడపడం మొదలుపెట్టాడు. ఎవరూ అరవలేదు. మామయ్యగారు టీ గ్లాసు పట్టుకుని కూర్చునే ఉన్నారు, అందులో టీ తొణకలేదు. కాకినాడ రేవులో లాంచీల సరంగులను చూస్తూ పెరిగిన మనిషి కావడంతో, ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ఒకే మాట అన్నారు: “వీడికి పని తెలుసురా అబ్బాయ్.” అంతకు మించిన సిఫారసు మా ఇంట్లో ఎవరికీ దక్కలేదు.

ఆ వారంలో సెప్టెంబరు గాలివాన ఒకటి రావచ్చన్న సూచన కనబడగానే, మేము అనుకున్న, కెఫలోనియా ఉత్తర కొసన ఉన్న ఫిస్కార్దో ప్రయాణం మానేయించి, లెఫ్కాడాలోనే బాగా మూసుకుపోయినట్టుండే సివోతా అఖాతంలోకి ఒక రోజు ముందే తీసుకువెళ్ళాడు. చివరికి ఆ గాలి మా వైపు పెద్దగా రాలేదు. అయినా ఆయన చేసినది సరైన పనే. 2020 సెప్టెంబరులో ఇయానోస్ అనే తుపాను ఇదే దీవులను కొట్టి, రేవుల్లో కట్టి ఉన్న పడవలను కూడా దెబ్బతీసిన తర్వాత, ఆ నెలలో అక్కడి వాళ్ళెవరూ సూచనలను తేలిగ్గా తీసుకోవడం లేదు. నేను నడిపి ఉంటే నేనూ సూచన చూసేవాడినే, కాని రేవు ఎంపికలో ఆయనకున్నంత నిశ్చయం నాకు ఉండేది కాదు.

స్కిప్పర్ విషయంలో ఫిర్యాదులు లేకపోలేదు. గాలి కొంచెం తగ్గగానే ఇంజను వేసేయడం ఆయన అలవాటు. తెరచాప కోసం ఇంత దూరం వచ్చినవాడికి అది చిరాకు కలిగిస్తుంది. పెందలాడే రేవు చేరితే మంచి చోటు దొరుకుతుందన్న ఆయన తర్కం కాదనలేనిదే, కాని మూడింటికే కట్టేసి, మంచి గాలంతా గట్టు మీద కూర్చుని చూడవలసి వచ్చిన రోజు నాకు నచ్చలేదు. రెండు రేవుల్లో ఆయన చూపించిన భోజనశాలలు తెలిసినవాళ్ళవే అయి ఉండాలి. ఒకచోట చేపలు చాలా బాగున్నాయి, మరోచోట బిల్లు మాత్రమే బాగుంది. ఇక మొదటి రెండు రోజులు నన్ను చుక్కాని ముట్టనివ్వలేదు. నేర్చుకోవాలని ఉందని గట్టిగా చెప్పాక ఖాళీగా ఉన్న రేవు ఒకటి చూసి, గాలి ఎదురుగా, పక్కగా, వెనుకగా ఉన్నప్పుడు వెనక్కు నడపడం మళ్ళీ మళ్ళీ చేయించాడు. ఆ ఒక్క ఉదయం కోర్సులో కంటే ఎక్కువ నేర్చుకున్నాను. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఆయనా మొదటి రోజే నేర్పేవాడేమో, కాని వారం రోజులకు డబ్బు ఇచ్చినవారిని ఏం కావాలని ఆయనే అడగవలసింది.

డబ్బు లెక్కకు వస్తే, ఈ పరిమాణం పడవకు అయోనియన్‌లో వారం అద్దె కాలాన్ని బట్టి, పడవ వయసును బట్టి సుమారు 2,000 నుంచి 4,000 యూరోల దాకా ఉంటుంది. స్కిప్పర్‌కు రోజుకు సుమారు 180 నుంచి 250 యూరోలు, పైగా భోజనం మనదే, పడుకోవడానికి ఒక గది కూడా ఇవ్వాలి. ఈ గది సంగతి ముందే ఆలోచించుకోకపోతే తర్వాత ఇబ్బంది పడతారు: మూడు గదుల పడవలో ఒకటి స్కిప్పర్‌కు పోతే మిగిలేవి రెండే, అప్పుడు పిల్లలు హాల్లో బల్ల దించి పడుకోవాలి. మేము అదే చేశాం, పిల్లలకు అది సరదాగానే ఉంది. రెండు కుటుంబాలు కలిసి వెళ్ళేటట్టయితే నాలుగు గదుల పడవో, రెండు పడవ దేహాలను పక్కపక్కన కలిపి కట్టిన కాటమరానో చూసుకోవడం మేలు. చాలా కాటమరాన్లలో ముందు భాగంలో స్కిప్పర్‌కు వేరే చిన్న గది ఉంటుంది, పడవ ఒరగదు కూడా. అత్తయ్యగారిలాంటివారికి అదే సుఖం, అద్దె మాత్రం బాగా ఎక్కువ.

డిపాజిట్ గురించి మాత్రం ఒప్పందాన్ని అక్షరం అక్షరం చదవమని చెబుతాను. ఈ పరిమాణం పడవకు సాధారణంగా 2,000 నుంచి 4,000 యూరోల దాకా కార్డు మీద నిలిపి ఉంచుతారు. స్కిప్పర్ ఉన్నాడు గనుక దెబ్బ తగిలినా మన డబ్బు పోదని చాలామంది అనుకుంటారు. చాలా ఒప్పందాల్లో స్కిప్పర్ నడిపినా డిపాజిట్ అద్దెకు తీసుకున్నవారిదే. స్కిప్పర్ విడిగా పనిచేసే మనిషి, అద్దె సంస్థ ఉద్యోగి కాదు. ఆయన నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే ఎవరు భరిస్తారో, ఆయనకు సొంత బీమా ఉందో లేదో ఈమెయిల్లో రాయించుకోవాలి. కొంత రుసుము కట్టి డిపాజిట్ తగ్గించుకునే ఏర్పాటు దాదాపు ప్రతి సంస్థలోనూ ఉంటుంది. బేర్‌బోట్ తీసుకునేవారు అది కట్టడం మంచిదనే నా అభిప్రాయం. ఇవి కాక డీజిలు, చివరి రోజు శుభ్రం చేసినందుకు రుసుము, రేవుల్లో నీళ్ళకూ కరెంటుకూ అయ్యే ఖర్చు రెండు పద్ధతుల్లోనూ సమానమే. అయోనియన్‌లో కొన్ని భోజనశాలలకు సొంత గట్టు ఉంటుంది. అక్కడ భోజనం చేస్తే పడవ కట్టుకున్నందుకు వేరే డబ్బు తీసుకోరు.

స్కిప్పర్ వంటవాడు కాదు, గిన్నెలు కడగడు, పిల్లలను ఆడించే బాధ్యత కూడా ఆయనది కాదు. వంటకు మనిషి కావాలంటే విడిగా పెట్టుకోవాలి. మనకు మన వంటే కావాలి గనుక అత్తయ్యగారు చిన్న కుక్కర్ పట్టుకొచ్చారు. పడవ ఊగినా నిటారుగా ఉండేలా వేలాడదీసిన రెండు బర్నర్ల స్టవ్ మీద అన్నం, పప్పు బ్రహ్మాండంగా వచ్చాయి. కాని బియ్యం మూడుసార్లు కడిగే అలవాటుకు పడవలోని నీళ్ళ ట్యాంకు ఓర్చుకోదు. ఆరుగురు పెద్దలూ పిల్లలూ స్నానాలు చేసి, ఏడో మనిషిగా స్కిప్పర్ కూడా ఉంటే, ట్యాంకు రెండు రోజులకే అడుగంటుతుంది. మొదటి సాయంత్రమే స్కిప్పర్ ఆ మాట సున్నితంగా చెప్పాడు, పప్పు మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

ఈ రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది, దాన్ని మనవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. సర్టిఫికెట్ ఉండి రేవుల భయం మాత్రమే ఉన్నవారు మొదటి రెండు రోజులకు మాత్రమే స్కిప్పర్‌ను అడగవచ్చు. ఆ రెండు రోజులూ పడవ కట్టడం, విప్పడం మాత్రమే సాధన చేసి, సోమవారం సాయంత్రం ఆయనను ఏదో రేవులో దింపేస్తే, తక్కిన వారమంతా గది కూడా మనకే మిగులుతుంది. ఆయన లెఫ్కాడాకు తిరిగి వెళ్ళడానికి అయ్యే ఖర్చు మనమే ఇవ్వాలి. ఇద్దరు శిక్షణ పొందినవారితో మొదటిసారి గ్రీసుకు వెళ్ళే ఏ జంటకైనా నేను దీన్నే ముందుగా సూచిస్తాను. ఫ్లోటిల్లా అనే గుంపు ప్రయాణాలు కూడా ఉన్నాయి. అందులో మన పడవ మనమే నడుపుతాం, కాని ముందు ఒక పడవలో సంస్థ మనుషులు వెళ్ళి రేవులో చోటు చూసి, తాడు అందుకుంటారు. భద్రత విషయంలో వంక పెట్టడానికి లేదు, కాని రోజూ సాయంత్రం అందరితో కలిసి ఒకే రేవుకు చేరవలసి రావడం నాకు సరిపడదు.

స్కిప్పర్‌ను కోరేటప్పుడు అద్దె సంస్థకు రాసే ఈమెయిల్లో ఒట్టిగా స్కిప్పర్ కావాలని రాస్తే, ఆ వారం ఖాళీగా ఉన్నవారిని పంపుతారు. పిల్లల వయసులు, పెద్దవాళ్ళ ఆరోగ్యం, రోజుకు ఎన్ని గంటలు తెరచాప మీద వెళ్ళాలని ఉందో, మీకు నేర్పాలో వద్దో, శాకాహారులా కాదా అన్నవి రాయండి. జులై, ఆగస్టు వారాలకయితే చలికాలంలోనే రాయడం మంచిది, ఎందుకంటే పడవలు చివరిదాకా దొరుకుతాయి గానీ మంచి స్కిప్పర్లు దొరకరు. ఒప్పందం మీద సంతకం చేసే ముందు వీలైతే ఆ స్కిప్పర్‌తో ఫోనులో పది నిమిషాలు మాట్లాడించమని అడగండి. అందుకు ఒప్పుకోని సంస్థ దగ్గర నేనైతే ఒట్టి పడవ మాత్రమే తీసుకుంటాను.